ముందు డబ్బా, ముందు సరుకా?

వేలూరు నుంచి పళ్ళికొండకు వచ్చే దారిలో పొయ్‌గై అనే ఊరుంది. ప్రతి మంగళవారం అక్కడ పశువుల సంత జరుగుతుంది. ఆంధ్ర సరిహద్దు దాటి తెలుగు రైతులు కూడా వస్తారు. ఎద్దును కొనేవాడు ముందు దాని నోరు తెరిపించి పళ్ళు చూస్తాడు. నాలుగడుగులు నడిపిస్తాడు, కాడి మోసే మెడ తడుముతాడు. అన్నీ అయ్యాకే తువ్వాలు కింద దళారి వేళ్ళు పట్టుకుని బేరం. డబ్బు ఇటు వచ్చిందంటే పలుపుతాడు అటు పోయినట్టే. మర్నాడు ఎద్దు కుంటిందని వస్తే "నిన్న చూసుకునే కదన్నా పట్టుకుపోయావు" అంటారు. అక్కడితో ఆ వ్యవహారం ముగుస్తుంది.

మన చట్టం కూడా దాదాపు ఇదే మాట చెబుతుంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టంలో 16వ సెక్షన్ ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్పిస్తే, సరుకు బాగోగులు చూసుకోవలసిన బాధ్యత కొనేవాడిదే. అయితే అదే చట్టంలో 41వ సెక్షన్ ఇంకో సంగతి చెబుతుంది. చూడకుండా కొన్న సరుకును పరీక్షించి చూసుకునే అవకాశం దొరికేదాకా కొన్నవాడు దాన్ని ఒప్పుకున్నట్టు లెక్క కాదు. 43వ సెక్షన్ మరో అడుగు ముందుకు వేసింది. ఒప్పందానికి తగని సరుకును కాదనే హక్కు ఉన్నవాడు దాన్ని మోసుకెళ్ళి తిరిగి ఇవ్వనక్కర్లేదు, వద్దని కబురు చేస్తే చాలు.

కాబట్టి "నచ్చకపోతే వెనక్కి" అనేది ఫోన్లు పుట్టించిన హక్కు అనుకోవడానికి లేదు. చెడ్డ సరుకును తిప్పి పంపే హక్కు మన చట్టంలో 90 ఏళ్ళకు పైగా ఉంది. లేనిదల్లా దాన్ని కోర్టు మెట్లు ఎక్కకుండా అమలు చేయించుకునే సాధనం. వేలూరు దగ్గరి గుడియాత్తంలో నేసిన లుంగీని గువాహటిలో ఒకాయన కొన్నాడనుకోండి. ఆయన పళ్ళు చూడలేడు, మెడ తడమలేడు. అమ్మినవాడికి ఆయన మొహం తెలియదు. ముందు డబ్బు పంపితే సరుకు వస్తుందో రాదోనని ఆయన భయం. ముందు సరుకు పంపితే డబ్బు వస్తుందో రాదోనని ఇతని భయం. ఈ చిక్కుముడి విప్పడానికి దాదాపు 250 ఏళ్ళుగా మనుషులు ఒకదాని తర్వాత ఒకటిగా ఉపాయాలు కనిపెడుతూ వచ్చారు. ప్రతి ఉపాయం ఒకరి భయాన్ని తగ్గించింది, ఆ బరువును ఇంకొకరి మీదికి జరిపింది. బరువు ఎవరి మీద పడిందన్నదే ఈ కథలో అసలు సంగతి.

మాట ఇచ్చిన వ్యాపారులు

మొదటి ఉపాయం చాలా సాదాసీదాది: అమ్మేవాడు మాట ఇవ్వడం. 18వ శతాబ్దపు ఇంగ్లండులో పింగాణీ పాత్రలు చేసి అమ్మిన జోసయ్య వెడ్జ్‌వుడ్, తృప్తి లేకపోతే సరుకు వెనక్కి తీసుకుంటానని చెప్పిన తొలి వ్యాపారుల్లో ఒకడు. ఆ మాటను ఊరూరికీ తీసుకుపోయినవాడు అమెరికాలో ఆరన్ మాంట్‌గొమరీ వార్డ్. 1872లో షికాగోలో ఒకే ఒక్క కాగితం మీద ధరల పట్టిక అచ్చు వేయించి, పల్లెటూళ్ళ రైతులకు టపాలో పంపాడు. పల్లె దుకాణదారులు అతన్ని మోసగాడన్నారు. కంటికి కనపడని కొట్టు, చేతికి అందని సరుకు, ఎవరు నమ్ముతారు? 1875లో వార్డ్ తన జవాబు అచ్చు వేశాడు: తృప్తి లేకపోతే మీ డబ్బు మీకే.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. మాట ఇచ్చినవాడు, సరుకు కొని నిల్వ చేసుకున్నవాడు, నష్టం భరించేవాడు ముగ్గురూ ఒక్కరే. వెనక్కి వచ్చిన కోటు నష్టం వార్డ్ జేబులోంచే పోయేది. అందుకే అతను సరుకు ఎంచి కొనేవాడు. హామీ ఇచ్చేది ఒకరు, దాని ఖర్చు భరించేది ఇంకొకరు అయిన రోజున కథ వేరే దారి పట్టింది. ఆ రోజు రావడానికి ఇంకా చాలా కాలం ఉంది.

టపావాడి చేతిలో మూడక్షరాలు

మన దేశంలో ఈ చిక్కుకు దొరికిన జవాబు ప్రభుత్వ కార్యాలయం నుంచి వచ్చింది. 1877లో తపాలా శాఖ వాల్యూ పేయబుల్ పోస్టును ప్రవేశపెట్టింది. మన పెద్దలకు అది వి.పి.పి. పాత తెలుగు పత్రికల్లో పుస్తకాల ప్రకటనలు, మందుల ప్రకటనలు చూస్తే ఈ మూడక్షరాలు తప్పకుండా కనిపిస్తాయి. మద్రాసు పుస్తకాల షాపు నుంచి పార్సెల్ బయలుదేరుతుంది. ఊళ్ళో పోస్టుమేన్ దాన్ని గుమ్మం దగ్గరకు తెచ్చి డబ్బు తీసుకుని ఇస్తాడు. ఆ డబ్బు మనియార్డరులా షాపుకు చేరుతుంది. అమ్మేవాడూ కొనేవాడూ ఒకరినొకరు నమ్మనక్కర్లేదు, ఇద్దరూ సర్కారు టపాను నమ్మితే చాలు. నేటి క్యాష్ ఆన్ డెలివరీ దీనికి మనుమడు.

నేటి రోగాలు కూడా అప్పుడే మొదలయ్యాయి. డబ్బు కట్టాకే కట్ట విప్పాలి కనుక, లోపల పనికిరాని సరుకు పెట్టి పంపే మోసగాళ్ళు తయారయ్యారు. అడగనివాళ్ళకు కూడా పార్సెళ్ళు పంపి అదృష్టం పరీక్షించుకునేవారు ఇంకొందరు. అటువైపు ఆర్డరు రాసి, తీరా పోస్టుమేన్ వచ్చాక "వద్దు పో" అనేవారికీ కొరత లేదు. అప్పుడు పోను ఖర్చు దండగై, కట్ట నలిగి అమ్మినవాడి దగ్గరకే తిరిగొచ్చేది. ఇప్పుడు ఆన్‌లైన్ సెల్లర్లు "ఆర్టీవో పడింది" అని తల పట్టుకునేది ఇందుకే. రిటర్న్ టు ఆరిజిన్ అన్న మాటకు అది వాళ్ళ పొట్టి పేరు.

ఈ రోగాలకు 1898 నాటి ఇండియన్ పోస్టాఫీసు చట్టం ఏం మందు వేసిందో చూడండి. 34, 35 సెక్షన్లు వి.పి.పి. గురించే. కొన్నవాడి నుంచి సొమ్ము చేతికి వచ్చేదాకా ఆ సొమ్ముకు ప్రభుత్వం బాధ్యత వహించదని 34వ సెక్షన్ చెప్పింది. 35వ సెక్షన్ కింద చేసుకోగల నిబంధనలు ఇంకా ఆసక్తికరమైనవి. నిజమైన ఆర్డరు అందినందువల్లే పంపుతున్నానని పంపేవాడు రాసి సంతకం చెయ్యాలి. మోసం జరిగిన సందర్భాల్లో వసూలైన సొమ్మును అమ్మినవాడికి పంపకుండా ఆపి, కొన్నవాడికి తిరిగి ఇవ్వవచ్చు. ఫిర్యాదు మీద విచారణ జరపడానికి రుసుము కూడా పెట్టవచ్చు.

ఒక్కసారి ఆగి దీన్ని విడదీసి చూద్దాం. మధ్యలో ఉన్నవాడు సొమ్ము ఆపుతాడు. కొన్నవాడికి తిరిగి ఇచ్చే అధికారం అతనికి ఉంది. ఆ అధికారానికి షరతు మోసం. అది తేల్చే దారి విచారణ. నేటి ఆన్‌లైన్ సంతలు తమ సొంత ఆవిష్కరణలుగా చెప్పుకునే పనిముట్లలో చాలావరకు ఆ పాత చట్టంలో ఉన్నాయి. ఆ చట్టాన్ని 2023 నాటి పోస్టాఫీసు చట్టం తొలగించింది. కొత్తది 2024 జూన్ 18న అమల్లోకి వచ్చింది. పాతది పోయినా అందులోని క్రమం గుర్తుంచుకోదగ్గది: ముందు ఫిర్యాదు, తర్వాత విచారణ, ఆ తర్వాతే వాపసు.

రంగు కారిన గళ్ళ గుడ్డ

గుడియాత్తం లుంగీలకు పేరున్న ఊరు. లుంగీ గళ్ళకు దగ్గరి చుట్టమైన గుడ్డ ఒకటి 1958లో అమెరికాలో పెద్ద వాపసు తగవు తెచ్చింది. దాన్ని అక్కడ మద్రాస్ అంటారు. తర్వాత లీలా హోటళ్ళు స్థాపించిన కెప్టెన్ సి.పి. కృష్ణన్ నాయర్ అప్పట్లో చేనేత గుడ్డ ఎగుమతి చేసేవారు. అమెరికా దిగుమతిదారు విలియం జాకబ్సన్ ఆయన దగ్గర గజం ఒక డాలరు చొప్పున గుడ్డ కొన్నాడు. పదివేల గజాలు న్యూయార్క్ దుస్తుల సంస్థ బ్రూక్స్ బ్రదర్స్‌కు చేరాయి.

నాయర్ చెప్పుకున్న కథ ప్రకారం, ఆ గుడ్డను చన్నీళ్ళలో మెల్లగా ఉతకాలని, లేకపోతే రంగు కారుతుందని ఆయన ముందే హెచ్చరించారు. మధ్యవాడు ఆ మాట కొన్న సంస్థకు చేరవెయ్యడం మరిచాడు. ఖరీదైన చొక్కాలు కొన్న అమెరికన్లు వాటిని యంత్రంలో వేసి ఉతికారు. రంగులన్నీ ఒకదాన్లోకి ఒకటి పాకాయి. ఫిర్యాదులు వెల్లువెత్తాయి, దావా బెదిరింపుల దాకా వ్యవహారం పోయింది. చివరకు దాన్నే ప్రచారానికి వాడుకున్నారు. ప్రతి ఉతుకుకూ కొత్త రంగు తేలే గుడ్డ ఇదని, రంగు కారడం గ్యారంటీ అని చెప్పి అమ్మారు. ఆ గుడ్డ ఫ్యాషన్ అయిపోయింది.

కథ సుఖాంతమే కానీ నాకు ఆసక్తి కలిగించేది మధ్యలో ఉన్న ప్రశ్న. తప్పెవరిది? నేసినవాడు లోపం దాచలేదు. వాడినవాడు తెలిసి పాడుచేయలేదు. మాట మధ్యలో జారిపోయింది. "వర్ణించినట్టు లేదు" అని వెనక్కి వచ్చే సరుకులో ఇప్పటికీ ఇలాంటివి ఉంటాయి. చేమగ్గం గుడ్డలో అక్కడక్కడా పోగు లావుగా ఉండటం చేతిపనికి గుర్తు. అదే ఫోన్ తెర మీద ఫొటో చూసి కొన్నవారికి డ్యామేజీ. ఫోన్ తెర మీద ముదురు ఆకుపచ్చ, వెలుతురులో చిలకపచ్చ. ఇలాంటి చోట డబ్బు ఎవరు వదులుకోవాలన్నది నీతి మాత్రమే తేల్చలేదు. సమాచారం ఎక్కడ ఆగిందో ఎవరైనా చూడాలి.

కార్డు ఇచ్చిన వీటో

తర్వాతి మలుపు క్రెడిట్ కార్డుతో వచ్చింది. 1974లో అమెరికా ఫెయిర్ క్రెడిట్ బిల్లింగ్ చట్టం చేసింది. కార్డు మీద కొన్న సరుకు విషయంలో తగవు ఉంటే, కొన్నవాడు ఆ సొమ్ము బ్యాంకుకు కట్టకుండా ఆపవచ్చు. బ్యాంకు ఆ సొమ్మును వ్యాపారి ఖాతా నుంచి లాక్కుంటుంది. దీన్నే చార్జ్‌బ్యాక్ అంటారు.

చట్టం ఆ హక్కును జాగ్రత్తగా కంచె వేసి ఇచ్చింది. సరుకు నాణ్యత మీద తగవైతే కొనుగోలు 50 డాలర్లు దాటాలి. అది కొన్నవాడి రాష్ట్రంలోనో, ఇంటికి 100 మైళ్ళ లోపునో జరిగి ఉండాలి. అంతకు ముందు అమ్మినవాడితో తగవు తీర్చుకోవడానికి అతను చిత్తశుద్ధితో ప్రయత్నించి ఉండాలి. ఊళ్ళో వ్యాపారితో ముందు మాట్లాడు, కుదరకపోతే బ్యాంకు దగ్గరకు రా అన్నది చట్టం ఉద్దేశం. కార్డు సంస్థలు తమ సొంత నియమాల్లో ఈ దూరాల లెక్క వదిలేసి హక్కును విశాలం చేశాయి. కొనేవారికి ధైర్యం వస్తే కార్డు ఎక్కువగా వాడతారు మరి. చట్టం పెట్టిన కంచె వ్యాపారం కోసం జరిగింది. ఆన్‌లైన్ సంతల్లో జరగబోయేదానికి ఇది ముందస్తు నమూనా.

చుక్కలు, మార్కులు

1995 సెప్టెంబరులో పియర్ ఒమిడ్యార్ ఒక వేలం వెబ్‌సైట్ తెరిచాడు. తర్వాత అదే ఈబే అయింది. అపరిచితులు అపరిచితులకు చెక్కులు పంపుకుని సరుకులు తెప్పించుకోవడం పిచ్చి ఆలోచనగా కనిపించేది. 1996 ఫిబ్రవరిలో అతను ఫీడ్‌బ్యాక్ వేదిక పెట్టాడు. కొన్నవాడు అమ్మినవాడికి, అమ్మినవాడు కొన్నవాడికి మార్కులు వెయ్యవచ్చు. ఊరు చిన్నదైతే పరువు కాపలా కాస్తుంది. ప్రపంచమంత ఊళ్ళో పరువును అంకెల్లోకి మార్చడమే ఈ ఆవిష్కరణ.

ఇది ఇద్దరికీ సమానమైన ఏర్పాటు. అయితే అందులో ఒక చిల్లు ఉంది. కొన్నవాడు నిజం రాసి చెడ్డ మార్కు వేస్తే, అమ్మినవాడు కోపంతో అతనికీ చెడ్డ మార్కు వేసేవాడు. కొన్నవాళ్ళు భయపడి నోరు మూసుకునేవారు. దాంతో 2008లో ఈబే నియమం మార్చింది. అప్పటి నుంచి అమ్మేవారు కొనేవారికి చెడ్డ మార్కు వేసే వీలు లేదు. ఆ ఫిబ్రవరిలో సెల్లర్లు సమ్మె చేశారు. నియమం మారలేదు. ఒక చిల్లు పూడ్చబోయి త్రాసులో ఒక పళ్ళెం తీసేశారు. మోసం చేసే కొనుగోలుదారు గురించి తోటి వ్యాపారులకు చెప్పే దారి ఆ రోజుతో పోయింది.

అమెజాన్ 1999లో ఎ టు జెడ్ గ్యారంటీ పెట్టింది. ఇతరులు తన వేదిక మీద అమ్మిన సరుకుకు కూడా అది వర్తిస్తుంది. మాంట్‌గొమరీ వార్డ్ తన సరుకుకు తాను మాట ఇచ్చాడు. ఇక్కడ వేదిక మాట ఇస్తోంది, సరుకు మాత్రం ఇంకొకరిది.

మధ్యవాడి పెట్టెలో సొమ్ము

అప్పట్లో చైనాలో కార్డులు తక్కువ, నమ్మకం ఇంకా తక్కువ. 2003లో తావ్‌బావ్ అనే వేలం వేదిక మొదలైంది. అదే సంవత్సరం అక్టోబరులో మధ్యవర్తి ఖాతా ఏర్పాటు వచ్చింది. తొలి బేరాల్లో ఒకటి ఒక పాత కెమెరా. అమ్మింది జపాన్‌లో ఉన్న చైనా విద్యార్థి, కొన్నది షియాన్ నగరంలో ఇంకో విద్యార్థి. కొన్నవాడు కట్టిన సొమ్ము మధ్యవాడి దగ్గర ఉంటుంది. సరుకు చేరిందని అతను చెప్పాకే అమ్మినవాడికి వెళుతుంది. ఈ పెట్టె పెరిగి 2004లో అలీపే అనే ప్రత్యేక సంస్థ అయింది. ఎస్క్రో అన్న ఈ పద్ధతి స్థలాల కొనుగోళ్ళలో ఎప్పటి నుంచో ఉన్నదే. ఆరొందలు, ఏడొందల బేరానికి కూడా గిట్టుబాటయ్యేంత చవగ్గా దాన్ని నడపడమే కొత్త.

మన దేశంలో బాజీ డాట్ కామ్‌ను 2004లో ఈబే కొన్నది. దాని పైసాపే పద్ధతి కూడా ఇలా సొమ్ము ఆపి ఉంచేదే. 2007 అక్టోబరులో బెంగళూరులో ఇద్దరు కుర్రాళ్ళు ఫ్లిప్‌కార్ట్ పెట్టారు. దాని మొట్టమొదటి ఆర్డరు మన మహబూబ్‌నగర్ నుంచి వచ్చింది. ఒక తెలుగు యువకుడు 'లీవింగ్ మైక్రోసాఫ్ట్ టు చేంజ్ ది వరల్డ్' అనే పుస్తకం అడిగాడు. ఆ ఇద్దరు, సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్, బెంగళూరు పుస్తకాల షాపులన్నీ గాలించి దాన్ని పంపారు. 2010లో ఫ్లిప్‌కార్ట్ క్యాష్ ఆన్ డెలివరీ మొదలుపెట్టింది. వి.పి.పి. కొత్త బట్టలు కట్టుకుని వచ్చింది. ఆ రోజుల్లో అది సొంత సరుకు అమ్మే కొట్టు. తిరస్కరించిన పార్సెల్ నష్టం దానిదే. 2013లో అది ఇతర సెల్లర్లకు వేదికగా మారింది. అదే ఏడు జూన్‌లో అమెజాన్ ఇండియా వచ్చింది. హామీ పలక అలాగే ఉంది, దాని కింద నిలబడేవాడు మారాడు.

సొమ్ము మధ్యలో ఎంతకాలం ఆగవచ్చన్నది రిజర్వు బ్యాంకు పట్టించుకుంది. 2009 నవంబరులో మధ్యవర్తుల ఖాతాలపై ఆదేశాలిచ్చింది. 2020 మార్చిలో పేమెంట్ అగ్రిగేటర్ల మార్గదర్శకాలు వచ్చాయి. తిరిగిచ్చే గడువు ముగిసేదాకా సొమ్ము ఆపాలని ఒప్పందం ఉంటే, ఆ గడువు దాటిన మర్నాటికల్లా వ్యాపారికి చెల్లించాలని అందులో రాశారు. సొమ్ము ఆపడానికి ఇది అనుమతి, ఎల్లకాలం ఆపకుండా ఇది కట్టు. అమ్మేవాడి వైపు నుంచి చూస్తే ఈ కథలో దొరికిన కొద్దిపాటి రక్షణల్లో ఇదొకటి.

ఇక 2020 జులై 23న వినియోగదారుల రక్షణ ఇ-కామర్స్ నిబంధనలు వచ్చాయి. లోపమున్న సరుకు, నకిలీ సరుకు, చెప్పిన లక్షణాలు లేని సరుకు, చెప్పిన గడువు దాటి వచ్చిన సరుకు అయితే అమ్మినవాడు వెనక్కి తీసుకోనని గానీ డబ్బివ్వనని గానీ అనకూడదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో తీర్చాలి. ఇవన్నీ మంచి నియమాలు. సెల్లర్ల మధ్య వేదిక తేడా చూపిస్తే ఆ సంగతి తన షరతుల్లో రాయాలని కూడా ఉంది. అయితే ఫిర్యాదు అబద్ధమైతే ఏం చెయ్యాలో, సెల్లర్ ఖాతాలో కోత పడ్డాక అతను ఎవరికి మొరపెట్టుకోవాలో ఆ నిబంధనలు చెప్పవు. పేరులోనే ఉంది, అవి వినియోగదారుడి కోసం చేసినవి.

గుడియాత్తం లెక్క

ఒక లెక్క వేద్దాం. అంకెలు ఊహించినవే, నడక మాత్రం చిన్న వ్యాపారులందరికీ తెలిసినదే. గుడియాత్తంలో ఒకాయన లుంగీ నేయించి ఆన్‌లైన్‌లో 450 రూపాయలకు అమ్ముతున్నాడు. నూలు, అద్దకం, కూలి కలిపి 300. పంపే ఖర్చు 60, ప్యాకింగ్ 10, కమిషన్ 20. మిగిలేది 60.

పార్సెల్ చెన్నై–బెంగళూరు జాతీయ రహదారి ఎక్కి, పళ్ళికొండ టోల్‌గేట్ దాటి పోతుంది. నాలుగు రోజుల తర్వాత "వద్దు" అని వెనక్కి వస్తుంది. కమిషన్ తిరిగిచ్చినా పోను ఖర్చు 60, ప్యాకింగ్ 10, రాను ఖర్చు 70 మొత్తం 140 పోయింది. రెండు లుంగీల మీద వచ్చిన లాభం పోయి, మూడోదాన్లో మూడో వంతు కూడా పోయినట్టు. అదీ లుంగీ మడత నలగకుండా వస్తేనే. ఒకసారి కట్టి ఉతికిన లుంగీ వచ్చిందా, లేక కవర్లో పాత తువ్వాలు వచ్చిందా, ఇంకో 300 పోయినట్టే. మొత్తం 440, అంటే ఏడు అమ్మకాల లాభం దాటిపోయింది.

అందుకే ఇప్పుడు చిన్న సెల్లర్ల దగ్గర కొత్త పని పుట్టింది. ప్యాక్ చేసేటప్పుడు వీడియో, వెనక్కి వచ్చిన కవర్ విప్పేటప్పుడు వీడియో. లేబుల్ నంబరు కనపడాలి, మధ్యలో కెమెరా ఆగకూడదు. ఫ్లిప్‌కార్ట్‌లో సెల్లర్ ప్రొటెక్షన్ ఫండ్, అమెజాన్‌లో సేఫ్-టి క్లెయిమ్ అనే దారులున్నాయి. చెడిపోయి వచ్చిన సరుకుకు ఆ దారిలో పరిహారం అడగవచ్చు. ఉండటం మంచిదే. అయితే ఆ దారి తలుపు వేదిక చేతిలోనే ఉంది. నియమం రాసేది, కోత వేసేది, క్లెయిమ్ తిరస్కరించేది, అప్పీలు వినేది అన్నీ ఒక్కరే. తనదికాని డబ్బుతో ఒకరికి ఉదారంగా ఉండటం తేలిక. 2020 జనవరిలో కాంపిటీషన్ కమిషన్ ఇ-కామర్స్ మీద వెలువరించిన అధ్యయనం కూడా, వేదికలకూ వ్యాపారులకూ మధ్య ఉన్న అన్యాయపు ఒప్పంద షరతులను సమస్యగా గుర్తించింది.

ఇది ఒక వైపు కథే అని ఎవరైనా అంటే కాదనను. నకిలీ బ్రాండ్లు, పవర్‌లూమ్ గుడ్డను చేనేత అని అంటగట్టడం, ఫొటోలో ఒకటి పెట్టెలో ఒకటి పెట్టడం చేసేది సెల్లర్లే. మరమగ్గాల మీద లుంగీ నేసి చేనేత అని అమ్మితే, కొన్నవాడితో పాటు నేతగాడు కూడా మోసపోతాడు. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం కింద చేమగ్గాలకే కేటాయించిన రకాల్లో లుంగీ ఉంది మరి. చెడ్డ సరుకును గట్టిగా తిప్పికొట్టే కొనుగోలుదారు నిజమైన నేతగాడికి మేలే చేస్తాడు. వాపసు ఉండాలి. దాని ఖర్చు తప్పు చేసినవాడి మీద పడాలి. ఇప్పుడది తప్పుతో పని లేకుండా బలహీనుడి మీద పడుతోంది.

ఊగి, ఊగి, మధ్యకు

ఈ లోలకం ఎంత దూరం ఊగగలదో చైనా చూపించింది. అక్కడ వినియోగదారుల చట్టాన్ని సవరించి 2014 మార్చి 15 నుంచి ఆన్‌లైన్ కొనుగోళ్ళకు ఏడు రోజుల్లో కారణం చెప్పకుండా తిప్పి పంపే హక్కు ఇచ్చారు. అయితే సరుకు చెక్కుచెదరకుండా ఉండాలి, వేరే ఒప్పందం లేకపోతే తిరుగు రవాణా కొన్నవాడే కట్టుకోవాలి. చట్టం వరకు తూకం బాగానే ఉంది. పోటీ పెరిగాక వేదికలు చట్టాన్ని దాటాయి. 2021లో పిన్‌దువొదువొ అనే వేదిక "రిఫండ్ మాత్రమే" పద్ధతి తెచ్చింది. సరుకు వెనక్కి పంపనక్కర్లేదు, డబ్బు మాత్రం తిరిగి వస్తుంది. పోటీదార్లు కూడా అదే దారి పట్టారు. డబ్బు ఎవరిదో చెప్పనక్కర్లేదు. 2024 వేసవిలో గ్వాంగ్‌జౌ నగరంలో ఆ సంస్థకు చెందిన కార్యాలయం ముందు వందల మంది వ్యాపారులు గుమికూడి నిరసన తెలిపారు. నియంత్రణ సంస్థలు కలగజేసుకున్నాయి. 2025లో పెద్ద వేదికలు ఆ పద్ధతి నుంచి వెనక్కి తగ్గడం మొదలుపెట్టాయి.

ఐరోపా సమాఖ్య ఇద్దరికీ వేర్వేరు నియమాలు రాసింది. కొనేవారికి 14 రోజుల్లో కారణం చెప్పకుండా వెనక్కి పంపే హక్కు 2014 జూన్ నుంచి అన్ని సభ్య దేశాల్లో అమలులో ఉంది. ఆ నియమంలోనే ఇంకో వాక్యం ఉంది. సరుకు ఎలాంటిదో చూసుకోవడానికి అవసరమైన దానికంటే ఎక్కువ వాడి దాని విలువ తగ్గిస్తే, ఆ తగ్గుదల కొన్నవాడే భరించాలి. చొక్కా తొడుక్కుని అద్దంలో చూసుకోవచ్చు, పెళ్ళికి వేసుకెళ్ళి తిప్పి పంపకూడదన్నమాట. 2020 జులై 12 నుంచి వ్యాపారుల కోసం ఇంకో నియమం వచ్చింది. వేదిక ఒక సెల్లర్ ఖాతాను ఆపితే కారణం రాసి ఇవ్వాలి. పూర్తిగా మూసేటట్టయితే 30 రోజుల ముందు చెప్పాలి. పెద్ద వేదికలు సెల్లర్ల ఫిర్యాదులు వినే ఏర్పాటు ఉచితంగా నడపాలి.

మనకు రావలసిన ఆవిష్కరణ

ఇంత కథలో యంత్రాలు, ఖాతాలు, మార్కులు, పెట్టెలు అన్నీ వచ్చాయి. ఇప్పుడు మన దగ్గర లేనిది ఒక్కటే, తగవులో రెండో మనిషి మాట వినే చోటు. 1898 నాటి చట్టంలో టపా శాఖ విచారణకు వీలుండేది. అది నెమ్మదిగా నడిచి ఉండవచ్చు, కానీ ఇద్దరి మాటా వినడానికి వీలున్న చోటు అది. ఇవాళ వేగం ఉంది, ఆ చోటు లేదు.

దీనికి కొత్త సాంకేతికత అక్కర్లేదు. మూడు నియమాలు చాలు. మొదటిది, వెనక్కి వచ్చే సరుకును తీసుకునేటప్పుడే డెలివరీ మనిషి విప్పి, ఫొటో తీసి, పంపిందీ తిరిగొచ్చిందీ ఒకటేనా అని నమోదు చెయ్యాలి. ఇచ్చేటప్పుడు విప్పి చూపించే ఓపెన్ బాక్స్ డెలివరీ కొన్ని వస్తువులకు ఇప్పటికే ఉంది, తీసుకునేటప్పుడూ అదే పని చెయ్యాలి. రెండోది, రాను పోను ఖర్చు తప్పును బట్టి పడాలి. సరుకు తప్పైతే సెల్లర్, మనసు మారితే కొన్నవాడు, దారిలో చెడితే రవాణా సంస్థ. మూడోది, సెల్లర్ ఖాతాలో కోత పడిన ప్రతిసారీ కారణం రాసివ్వాలి, వేదికతో సంబంధం లేని మనిషి దగ్గర అప్పీలు చేసుకునే వీలుండాలి. 2020 నిబంధనలు కొనేవారి ఫిర్యాదుకు 48 గంటలు, నెల అని గడువు పెట్టాయి. సెల్లర్ ఫిర్యాదుకు కూడా అదే గడువు పెట్టడానికి అడ్డేమీ లేదు.

ఈ నియమాలు వచ్చేదాకా మన చేతిలో ఉన్న పని ఒకటుంది. రిటర్న్ నొక్కగానే కారణం ఎంచుకోమని ఒక జాబితా వస్తుంది. చాలా వేదికల్లో ఎవరి ఖాతాలో కోత పడాలో, ఎవరి రేటింగ్ తగ్గాలో తేల్చడంలో ఆ ఒక్క గీతకు పెద్ద పాత్ర ఉంటుంది. సైజు సరిపోకపోతే సరిపోలేదనండి. మనసు మారితే మారిందనండి. సరుకు నిజంగా చెడ్డదైతే మొహమాటపడకుండా చెడ్డదనే రాయండి. తేలిగ్గా డబ్బు వస్తుందని మాత్రం బాగున్న గుడ్డకు డ్యామేజీ అని పేరు పెట్టకండి.